పార్కు మీది ఇష్టం సైన్సు చదువుకు దారి తీస్తుందా?

ప్రశ్న: మా అమ్మాయికి పదహారేళ్ళు. మా భవనం వెనుక ఒక చిన్న పార్కు ఉంది. చిన్నప్పటి నుంచీ తీరిక దొరికితే చాలు, అక్కడే ఉంటుంది. ఏ చెట్టు ఎప్పుడు చిగురిస్తుందో, ఏ పిట్ట ఎక్కడ గూడు పెడుతుందో తనకు తెలుసు. వాటిని ఒక నోటుపుస్తకంలో రాసుకుంటుంది కూడా. ఇంత ఇష్టం ఉంది కదా, సైన్సు వైపు వెళ్ళమంటే, "పార్కు నాకిష్టం, సైన్సు వేరేవాళ్ళ పనమ్మా" అంటోంది. భౌతికశాస్త్రంలోనూ గణితంలోనూ మార్కులు అంతంతమాత్రమే. చెట్ల కింద కూర్చుంటే ఉద్యోగాలు రావని వాళ్ళ నాన్న అభిప్రాయం. మా రెండు వైపులా సైన్సు చదివినవాళ్ళు ఎవరూ లేరు. అంత చిన్న పార్కులో నిజంగా సైన్సు ఉంటుందా? ఈ ఇష్టం ఉద్యోగం దాకా తీసుకువెళుతుందా? ఏమీ తెలియని నేను తనకు ఎలా సాయపడగలను?
ఒక తల్లి

సమాధానం:

అమ్మా, మీరు అడిగిన మూడు ప్రశ్నలకూ సమాధానం చెబుతాను. అయితే మీ అమ్మాయి అన్న మాట నన్ను ముందుగా ఆపింది. "సైన్సు వేరేవాళ్ళ పని" అనే ఆ మాటను మీరు బద్ధకంగానో భయంగానో తీసుకోకండి. ఆ వయసు పిల్లల్లో అది ఎంత మామూలు మాటో పరిశోధకులు కొలిచి చూశారు. లండన్‌లోని కింగ్స్ కాలేజీలో లూయీజ్ ఆర్చర్ నాయకత్వంలో 2009లో మొదలైన 'ఆస్పైర్స్' అధ్యయనం, 10 నుంచి 14 ఏళ్ళ పిల్లలు సైన్సు గురించి ఏమనుకుంటున్నారో ఏళ్ళ తరబడి అడిగి తెలుసుకుంది. సైన్సు పాఠాలు బాగుంటాయని ఎక్కువమంది చెప్పారు, తమ తల్లిదండ్రులకు సైన్సు అంటే గౌరవమనీ చెప్పారు. అయినా శాస్త్రవేత్త కావాలని ఉందన్నవారు దాదాపు 15 శాతం మాత్రమే తేలారు. ఇంట్లో సైన్సు సంగతులు మాట్లాడుకోవడం, ఆ రంగంలో పనిచేసే మనిషి ఒక్కరైనా పరిచయం ఉండడం, ఆ చదువు ఎన్ని రకాల ఉద్యోగాలకు పనికివస్తుందో తెలిసి ఉండడం వంటివన్నీ కలిపి ఆ పరిశోధకులు 'సైన్సు పెట్టుబడి' అన్నారు. ఆ పెట్టుబడి లేని ఇళ్ళలో, పిల్లలకు పాఠం మీద ఎంత ఇష్టం ఉన్నా, ఆ దారి తమది అనిపించడం కష్టమవుతుందని వారి అధ్యయనం చెబుతుంది. మీ ఇంట్లో ఇష్టానికి కొరత లేదు. ఆ ఇష్టానికీ ఒక వృత్తికీ మధ్య ఉండవలసిన పరిచయాలే లేవు. ఈ రెండో లోటును తీర్చడం మొదటిదాన్ని పుట్టించడం కంటే చాలా సులభం కనుక, మీరు దిగులు పడవలసింది నాకేమీ కనిపించడం లేదు.

ఆ 'వేరేవాళ్ళు' ఎవరన్న దానికి కూడా ఒక లెక్క ఉంది. శాస్త్రవేత్త బొమ్మ గీయమని పిల్లలను అడిగిన డేవిడ్ చేంబర్స్ అధ్యయనం 1983లో వెలువడింది. అందులో 4,807 మంది పిల్లలు గీసిన బొమ్మల్లో స్త్రీలు 28 మందే, ఆ ఇరవై ఎనిమిదీ ఆడపిల్లలు గీసినవే. తర్వాతి దశాబ్దాల్లో ఇలాంటి అధ్యయనాల్లో స్త్రీల బొమ్మలు మొత్తంలో నాలుగో వంతుకు పైగా అయ్యాయి గాని, తెల్లకోటు, గాజు సీసాలు, నాలుగు గోడల గది మాత్రం బొమ్మలోంచి అంత తేలిగ్గా పోలేదు. మీ అమ్మాయి మనసులో ఉన్నది ఆ గదే అయితే, పార్కులో తాను చేస్తున్న పనికీ సైన్సుకూ సంబంధం లేదని తనకు అనిపించడంలో వింతేమీ లేదు.

ఇక అంత చిన్న పార్కులో సైన్సు ఉంటుందా అన్న ప్రశ్న. దీని దగ్గర కాస్త ఎక్కువసేపు ఆగుతాను. ఎందుకంటే ప్రకృతి అంటే దూరంగా ఉన్న అడవి, నగరంలోని పచ్చదనం దానికి నాసిరకం నకలు అన్న అభిప్రాయం చాలాకాలం శాస్త్రవేత్తలకే ఉండేది. అది తప్పని తేలడానికి పార్కులు, పెరళ్ళు, ఖాళీ స్థలాలే సాక్ష్యమిచ్చాయి. న్యూయార్క్ నగరం నడిబొడ్డున ఉన్న సెంట్రల్ పార్కులో, రాలిన ఆకుల కింద దొరికిన ఒక చిన్న జెర్రి అప్పటిదాకా ఏ శాస్త్ర గ్రంథంలోనూ లేదు. దాదాపు ఒక సెంటీమీటరు పొడవుండే ఆ జెర్రికి నన్నారప్ హాఫ్‌మనీ అని పేరు పెట్టారు. బహుశా తూర్పు ఆసియా నుంచి మొక్కల మట్టితో వచ్చి ఉంటుందని దాన్ని పరిశీలించినవారు భావించారు. రోజూ వేలమంది నడిచే చోట అది అందరి కాళ్ళ కిందా ఉండి ఎవరికీ కనిపించలేదు. లాస్ ఏంజెలిస్‌లోని ప్రకృతి చరిత్ర మ్యూజియం వారు, ఎక్కువగా మామూలు ఇళ్ళ పెరళ్ళలోనే, ముప్పై చోట్ల కీటకాల వలలు పెట్టించారు. మూడు నెలల్లో పట్టిన చిన్న ఈగలను పరిశీలించి 2015లో 30 కొత్త జాతులను ప్రకటించారు. పెరడు ఇచ్చిన ఇంటివాళ్ళ పేర్లే ఆ ఈగలకు పెట్టారు. అందులో నాకు నచ్చిన సంగతి ఇది: ఆ ఇళ్ళవాళ్ళు శాస్త్రవేత్తలు కారు, వల పెట్టనిచ్చి, దాన్ని చూసుకున్నవాళ్ళు.

కొత్త జాతులు దొరకడం అరుదు. అందుకోసం పార్కుకు వెళ్ళమని నేను చెప్పను. నగరంలోని పచ్చదనం అసలు విలువ వేరే చోట ఉంది. అక్కడ జీవులు మనిషి చేసిన పరిస్థితుల్లో బతుకుతూ మన కళ్ళ ముందే మారుతుంటాయి. నెదర్లాండ్స్‌లోని లైడెన్ నగరంలో గ్రేట్ టిట్ అనే చిన్న పిట్టల పాటలను చోటుచోటా రికార్డు చేసి, రొద ఎక్కువగా ఉన్న చోట్ల అవి హెచ్చు శ్రుతిలో పాడుతున్నాయని 2003లో ఇద్దరు పరిశోధకులు చూపారు. వాహనాల రొద ఎక్కువగా మంద్రంగా ఉంటుంది కనుక, మంద్రంగా పాడిన పాట అందులో మునిగిపోతుంది. ఫ్రాన్స్‌లోని మాంపెల్లియే నగరంలో పరిశోధకుల కన్ను రోడ్డు పక్క చెట్ల మొదళ్ళ చుట్టూ సిమెంటు వేయకుండా వదిలేసిన చిన్న మట్టి చదరాల మీద పడింది. అక్కడ మొలిచే క్రెపిస్ సాంక్టా అనే కలుపు మొక్క రెండు రకాల విత్తనాలు ఇస్తుంది: గాలికి ఎగిరిపోయే తేలికైనవి, మొదట్లోనే పడే బరువైనవి. ఎగిరిన విత్తనం చాలావరకు సిమెంటు మీద పడి వృథా అవుతుంది. అందువల్ల నగరంలోని ఆ మొక్కలు పల్లెల్లోని వాటికంటే బరువైన విత్తనాలను ఎక్కువ పాళ్ళలో ఇస్తున్నాయనీ, ఈ మార్పుకు 5 నుంచి 12 తరాలు సరిపోయాయనీ 2008లో వారు తేల్చారు. చదరపు మీటరు మట్టిలో పరిణామం కొలవగలిగినప్పుడు, మీ పార్కు చిన్నదన్న మాటకు బలం ఉండదు.

మరొక ఉదాహరణ బెర్లిన్. రెండో ప్రపంచ యుద్ధంలో కూలిన భవనాల శిథిలాల మీద, రైళ్ళు ఆగిపోయిన యార్డుల్లో ఎవరూ నాటని మొక్కలు మొలిచాయి. నగరం చుట్టూ గోడ లేచాక పశ్చిమ బెర్లిన్ వృక్షశాస్త్రజ్ఞులకు చుట్టుపక్కల పల్లెలకు వెళ్ళే వీలు లేకుండా పోయింది. హెర్బర్ట్ సుకొప్, ఆయన సహచరులు ఆ ఖాళీ స్థలాలనే పరిశోధనా క్షేత్రాలుగా తీసుకుని, ఏ మొక్క ఎక్కడ, ఎందుకు మొలుస్తోందో ఏళ్ళ తరబడి పటాలు గీశారు. నగర జీవావరణ శాస్త్రం అని ఈనాడు విశ్వవిద్యాలయాల్లో బోధిస్తున్న విషయానికి పునాదుల్లో అదొకటి. వారు పరిశీలించిన పాత రైల్వే యార్డుల్లో ఒకటి ఇప్పుడు ప్రజలు నడిచే ప్రకృతి ఉద్యానం. ఎటూ వెళ్ళలేని పరిస్థితి నుంచి ఒక శాస్త్ర శాఖ బలపడిందన్న సంగతి మీ అమ్మాయికి తప్పకుండా చెప్పండి.

కాని పార్కు మీద ప్రేమ, పార్కు గురించిన జ్ఞానం, పార్కు మీద సైన్సు, ఈ మూడూ ఒకటి కావు. ఇక్కడ మీతో నిర్మొహమాటంగా ఉండాలి. ఏ పిట్ట ఎక్కడ గూడు పెడుతుందో తెలిసిన మనిషి మంచి ప్రకృతి ప్రేమికురాలు. అదే మనిషి ఎంతసేపు చూసిందో, ఏ తేదీన చూసిందో, ఎన్ని చెట్లు వెతికితే ఎన్ని గూళ్ళు దొరికాయో రాసినప్పుడు, ఆ రాత మరొకరికి పనికొచ్చే సాక్ష్యం అవుతుంది. మీ అమ్మాయి నోటుపుస్తకంలో ఇప్పుడు ఏముందో నాకు తెలియదు గాని, చాలామంది పుస్తకాల్లో ఉండేది విశేషాల చిట్టా. వింతగా కనిపించినది రాస్తారు, మామూలుగా ఉన్నది వదిలేస్తారు. పదేళ్ళ తర్వాత ఆ మామూలుదే కనిపించకుండా పోయినప్పుడు, అది ఒకప్పుడు ఉండేదని చెప్పడానికి కాగితం మీద ఏమీ ఉండదు.

క్రమం తప్పని రాత ఎంత దూరం వెళ్ళగలదో రెండు సంగతులు చెబుతాను. జపాన్‌లోని క్యోటోలో ఆస్థాన ఉద్యోగులు, సన్యాసులు చెర్రీ పూల వేడుకల తేదీలను 9వ శతాబ్దం నుంచి తమ దినచర్యల్లో రాసుకుంటూ వచ్చారు. వారి మనసులో వాతావరణ పరిశోధన అన్న ఊహే లేదు. యసుయుకి ఆవొనో అనే పరిశోధకుడు ఆ పాత రాతలను ఒకచోట చేర్చడంతో 1,200 ఏళ్ళ వసంతాల వరుస ఒకటి తయారైంది. 2021లో పూలు మార్చి 26కే పూర్తిగా విప్పారాయి, ఆ వరుసలో అప్పటిదాకా అంత ముందు తేదీ మరొకటి లేదని చెప్పగలిగారు. రెండోది జర్మనీలోని క్రెఫెల్డ్ పట్టణపు కీటక పరిశీలకుల సంఘం. వారిలో ఎక్కువమంది వేరే ఉద్యోగాలు చేసుకుంటూ కీటకాల మీద ఇష్టంతో పనిచేసేవారు. 63 రక్షిత ప్రాంతాల్లో ఒకే రకం వలలను, ఒకే పద్ధతిలో పెట్టి, పడిన కీటకాలను తూచి లెక్క రాశారు. ఎగిరే కీటకాల బరువు 27 ఏళ్ళలో నాలుగింట మూడు వంతులకు పైగా తగ్గిందని ఆ లెక్కల ఆధారంగా 2017లో వెలువడిన పత్రం లోకాన్ని ఉలిక్కిపడేట్టు చేసింది. ఆ పత్రానికి బలం పరికరాల వల్ల రాలేదు, పద్ధతి మార్చకపోవడం వల్ల వచ్చింది.

కాబట్టి మీ అమ్మాయికి నా మొదటి సలహా ఇది. పార్కులో ఒక దారిని ఎంచుకుని, వారానికి ఒకసారి, ఒకే సమయానికి, అంతే సేపు నడిచి, కనిపించినవన్నీ లెక్కతో సహా రాయమనండి. ఎండా మబ్బా, గాలి ఎలా ఉంది అన్నవి పక్కన రాయాలి. ఏమీ కనిపించని రోజున "ఏమీ కనిపించలేదు" అని రాయాలి. అనుభవం లేనివాళ్ళు వదిలేసేదీ, పరిశోధకులు వెతుక్కునేదీ ఆ వాక్యమే. కార్నెల్ పక్షి పరిశోధనా కేంద్రం 2002లో మొదలుపెట్టిన ఈబర్డ్ అనే పక్షుల నమోదు వెబ్‌సైటులో, చూసిన పక్షులన్నిటినీ వదలకుండా రాసిన పూర్తి జాబితాలకు ఎక్కువ విలువ ఉండడానికి కారణం కూడా ఇదే. రాయనిది లేనట్టేనని అప్పుడు నమ్మవచ్చు. మొక్కలకూ పురుగులకూ ఐన్యాచురలిస్ట్ అనే వెబ్‌సైటు ఉంది. 2008లో బర్క్‌లీలోని విశ్వవిద్యాలయంలో విద్యార్థుల ప్రాజెక్టుగా మొదలైంది. అక్కడ ఫోటో, తేదీ, చోటు ఇస్తే ఇతరులు చూసి పేరు సరిచేస్తారు. మూడింట రెండు వంతులకు మించి ఏకాభిప్రాయం కుదిరిన నమోదులు పరిశోధన స్థాయివిగా గుర్తింపు పొంది, ప్రపంచ జీవవైవిధ్య సమాచార భాండాగారానికి చేరతాయి. మీ అమ్మాయి చిన్నది కనుక, ఇంటికి దగ్గరగా తీసిన ఫోటోలకు కచ్చితమైన చోటు బయటికి కనిపించకుండా దాచే ఏర్పాటును వాడుకోమనండి.

ఒక రుతువంతా ఇలా చేశాక తనకు విసుగు పుట్టవచ్చు. పుడితే దాన్ని ఓటమిగా చూడకండి. పార్కును ప్రేమించే మనిషికి దాన్ని లెక్కించడం నచ్చాలన్న నియమం లేదు. తోటపనిలోనో, చిత్రలేఖనంలోనో, పిల్లలకు పాఠాలు చెప్పడంలోనో ఆ ప్రేమ వికసించవచ్చు. లెక్క రాయడంలోనే ఆనందం దొరికితే, ఈ వారం తొమ్మిది ఎందుకు, పోయిన వారం పద్నాలుగు ఎందుకు అని తనంతట తాను అడగడం మొదలుపెడితే, అప్పుడు మీరు సైన్సు గురించి మాట్లాడవచ్చు. అంతకు ముందు ఎంత చెప్పినా, తల్లి తన కోరికను కూతురి మీద పెడుతున్నట్టే ఉంటుంది.

మార్కుల సంగతికి వస్తాను. ఎడ్వర్డ్ విల్సన్ అనే జీవశాస్త్రజ్ఞుడి కథ ఇలాంటి చోట తరచూ చెబుతారు. చిన్నతనంలో చేపలు పడుతూ ఒక కంటి చూపు పోగొట్టుకున్న ఆయన, దగ్గరగా పెట్టి చూడగలిగే చీమల వైపు మళ్ళాడు. 1942లో, పదమూడేళ్ళ వయసులో, అమెరికాలోని మొబీల్ రేవు పట్టణంలో తమ ఇంటి పక్క ఖాళీ స్థలంలో, విదేశం నుంచి వచ్చిన ఫైర్ యాంట్ అనే చీమ పుట్టను గుర్తించాడు. తర్వాత ఆ చీమ ఆ దేశపు దక్షిణ ప్రాంతమంతా పాకింది. ఆయన గణితంలో తాను బలహీనుణ్ణని బాహాటంగానే చెప్పుకున్నాడు. కలన గణితాన్ని ముప్పై రెండేళ్ళ వయసులో, హార్వర్డ్‌లో ఆచార్యుడిగా ఉంటూ నేర్చుకున్నాడు. ఇది వినడానికి ఊరటగా ఉంటుంది, కాని మీ అమ్మాయి దీన్ని సాకుగా తీసుకోవడం నాకు ఇష్టం లేదు. ఇప్పుడు జీవావరణ పరిశోధనలో గణాంకశాస్త్రం లేకుండా ఒక్క పత్రం కదలదు, కంప్యూటరుకు సూచనలు రాయడం వస్తే ఉద్యోగం దొరకడం తేలిక. గణితాన్ని తప్పించుకోవడం కుదరదు గాని, దాన్ని వేరే ద్వారం గుండా చేరుకోవచ్చు. తన సొంత లెక్కలున్నప్పుడు సగటు, తేడా, అనుమానం అన్న మాటలకు అర్థం ఏర్పడుతుంది.

భౌతికశాస్త్రమూ అంతే. చెట్టు నీడ చల్లగా ఎందుకుంటుందో అడగండి. ఎండను అడ్డుకోవడం ఒక కారణం. ఆకుల నుంచి ఆవిరయ్యే ప్రతి లీటరు నీటికీ దాదాపు 2.4 మెగాజౌళ్ళ ఉష్ణం ఖర్చవడం మరొకటి. నగరం చుట్టుపక్కల పల్లెల కంటే, ముఖ్యంగా రాత్రివేళ, వెచ్చగా ఉంటుందని లండన్‌లో కొలతలతో మొదట చూపిన ల్యూక్ హోవర్డ్ మందుల తయారీదారు, వృత్తి శాస్త్రవేత్త కాడు. మేఘాలకు ఈనాటికీ వాడుకలో ఉన్న పేర్లు పెట్టింది కూడా ఆయనే. ఆయన కొలతల పుస్తకం 1818 నుంచి 1820 మధ్య వెలువడింది. రెండు థర్మామీటర్లు కొని, ఒకటి చెట్ల కింద, ఒకటి సిమెంటు నేల పైన, ఒకే ఎత్తులో పెట్టి చదవమనండి. రెండిటికీ నేరుగా ఎండ తగలకుండా గాలి ఆడే చిన్న గొడుగు అమర్చాలి, లేకపోతే థర్మామీటరు గాలి వేడిని వదిలేసి తన వేడినే చూపుతుంది. ఈ ఒక్క జాగ్రత్త ఎందుకో తనకు అర్థమైతే, పాఠ్యపుస్తకంలోని ఉష్ణ ప్రసార అధ్యాయం సగం అర్థమైనట్టే.

మీ వారి అభిప్రాయాన్ని నేను కొట్టిపారేయను. చెట్ల కింద కూర్చుంటే ఉద్యోగం రాదన్నది నిజమే. మరి చెట్ల గురించి తెలిసినవాళ్ళకు ఎక్కడ ఉద్యోగం వస్తుంది? నగరాల చెట్ల ఆరోగ్యం చూసి, ఏది కూలే ప్రమాదంలో ఉందో చెప్పే నిపుణులు ఉంటారు. వాన నీటిని పీల్చుకునేలా పార్కులను, కాలువ గట్లను రూపొందించే జల, నేల శాస్త్రజ్ఞులు ఉంటారు. 1972 నుంచి లాండ్‌శాట్ ఉపగ్రహాలు తీస్తున్న చిత్రాల నుంచి ఏ పేటలో పచ్చదనం ఎంత తగ్గిందో లెక్క కట్టేవారు, దోమలనూ పుప్పొడినీ గమనించే ఆరోగ్య శాఖల వారు, మ్యూజియాల్లో, ఎండు మొక్కలను దాచే హెర్బేరియాల్లో నమూనాలను భద్రపరిచే వర్గీకరణ శాస్త్రజ్ఞులు ఉంటారు. ఈ పనుల్లో చాలావాటికి డాక్టరేటు అక్కర్లేదు, పరిశోధనకే కావాలి. ఇందులో చేదు నిజం కూడా ఉంది. క్షేత్రంలో పనిచేసే తొలి ఉద్యోగాలు తరచు కొద్ది నెలల ఒప్పందాలు, జీతాలు తక్కువ, స్థిరపడడానికి ఏళ్ళు పడుతుంది. ఉపగ్రహ చిత్రాలు, పటాలు, గణాంకాలు తెలిసినవారికి ఆ నిరీక్షణ తక్కువ, ఎందుకంటే అవే నైపుణ్యాలు వేరే రంగాల్లోనూ పనికివస్తాయి. ఈ రెండు పక్కలూ మీ వారి ముందు పెడితే ఆయన వినడానికి అవకాశం ఉంది. ఒక పక్కే చెబితే ఆయన సందేహం బలపడుతుంది.

మీరు అడగకపోయినా చెప్పవలసినది ఒకటుంది. పచ్చదనం అందరికీ సమానంగా దక్కదు. అమెరికాలోని ఫీనిక్స్ నగరంలో జరిగిన ఒక అధ్యయనం, సంపన్నుల పేటల్లో మొక్కల రకాలు ఎక్కువగా ఉంటాయని 2003లో చూపింది. మొక్కలూ పిట్టలూ చూడకుండా పెరిగిన పిల్లలకు వాటి మీద ప్రశ్నలు పుట్టే వీలు తక్కువ. ఆ లెక్కన మీ భవనం వెనుక ఉన్న ఆ చిన్న పార్కు మీ అమ్మాయికి దక్కిన మొదటి పెట్టుబడి. దాన్ని నిలబెట్టుకోవడంలోనూ సైన్సుకు పాత్ర ఉంటుంది. కెన్యాకు చెందిన వంగారి మాతాయి పశువైద్య శరీర నిర్మాణ శాస్త్రంలో 1971లో డాక్టరేటు పొందారు, తూర్పు, మధ్య ఆఫ్రికాల్లో ఆ పట్టా అందుకున్న మొదటి మహిళ. నైరోబీ నగరంలోని ఉహురు పార్కులో అరవై అంతస్తుల భవనం కట్టాలని 1989లో తలపెట్టినప్పుడు ఆమె ఉత్తరాల మీద ఉత్తరాలు రాసి ఎదిరించారు. ఎగతాళినీ వేధింపులనూ భరించారు. చివరికి ఆ భవనం రాలేదు. 2004లో ఆమెకు నోబెల్ శాంతి బహుమతి వచ్చింది. సైన్సు చదివిన స్త్రీకి పార్కుతో సంబంధం ఏముంటుందని మీ అమ్మాయి అడిగితే, ఈ పేరు చెప్పండి.

ఇక మీరు ఏం చేయాలి? సైన్సు చదవలేదన్నది మీకు అడ్డు కాదు. వారానికి ఒకసారి తనతో పాటు ఆ దారిలో నడవండి, తను చెప్పేది వినండి, "నీకెలా తెలిసింది?" అని మనస్ఫూర్తిగా అడగండి. సైన్సు సంగతులు ఇంట్లో మాట్లాడుకోవడం అని ఆ పరిశోధకులు అన్నది ఇంతకంటే గొప్ప విషయమేమీ కాదు. అయితే ఒక హద్దు పాటించండి. పార్కును పరీక్ష గదిగా మార్చకండి. తను ఏమీ రాయకుండా ఊరికే కూర్చునే రోజులు ఉండనివ్వండి. ఆ కూర్చోవడానికి తనదైన విలువ ఉంది. రోజర్ ఉల్రిచ్ 1984లో ప్రచురించిన అధ్యయనంలో, పిత్తాశయ శస్త్రచికిత్స అయిన రోగుల్లో కిటికీ లోంచి చెట్లు కనిపించిన 23 మంది, ఇటుక గోడ కనిపించిన 23 మంది కంటే ముందుగా ఇంటికి వెళ్ళారు, బలమైన నొప్పి మందులు తక్కువ వాడారు. ఇంగ్లండ్‌లో దాదాపు 20,000 మందిని అడిగి 2019లో వెలువరించిన మరో అధ్యయనంలో, వారానికి 120 నిమిషాలైనా పచ్చని చోట్ల గడిపినవారు తాము ఆరోగ్యంగా ఉన్నామని ఎక్కువగా చెప్పారు. మొదటిది చిన్నది. రెండోదానిలో, ఆరోగ్యంగా ఉన్నవాళ్ళే ఎక్కువ బయటికి వెళుతున్నారేమోనన్న సందేహం మిగిలే ఉంటుంది. ఈ సందేహాన్ని మీ అమ్మాయి ముందు పెట్టి, దాన్ని ఎలా తీర్చవచ్చో అడిగి చూడండి. పదహారేళ్ళ పిల్ల దానికి ఇచ్చే జవాబు తన గురించి మార్కుల పట్టిక కంటే ఎక్కువ చెబుతుంది.

చివరిగా, మనిషి పరిచయం. మీకు దగ్గరలో వృక్షశాస్త్ర ఉద్యానమో, ప్రకృతి చరిత్ర మ్యూజియమో, జీవశాస్త్ర విభాగం ఉన్న విశ్వవిద్యాలయమో ఏదో ఒకటి ఉంటుంది. అక్కడ మొక్కల మీదనో కీటకాల మీదనో పనిచేసేవారి పేరు వెతికి, ఉత్తరం మీ అమ్మాయి చేతే రాయించండి. మీరు రాయకండి. "నాకు సైన్సు ఇష్టం, సలహా ఇవ్వండి" అని రాస్తే జవాబు రావడం కష్టం, అలాంటివి వారికి చాలా వస్తాయి. తాను ఎక్కడ, ఎన్ని వారాలు, ఏ పద్ధతిలో లెక్క రాసిందో రెండు వాక్యాల్లో చెప్పి, ఆ లెక్కల్లో తనకు అర్థంకాని ఒకే ఒక సంగతిని అడిగి, ఒక పేజీ నమోదులు జతచేయాలి. ఆరు వారాల లెక్కయినా చేతికి వచ్చాకే ఈ ఉత్తరం వెళ్ళాలి. ఇద్దరు ముగ్గురికి రాస్తే ఒకరైనా స్పందించే అవకాశం ఎక్కువ. జవాబు వచ్చి, వచ్చి కలవమంటే, ఆ మొదటిసారి మీరు కూడా తోడు వెళ్ళండి, మాట్లాడే పని మాత్రం తనకే వదిలేయండి.